గుర్రాల మందు

2013 ఎండాకాలం. గుంటూరులో మా పెదనాన్నగారిల్లు. ప్రోస్టేట్‌లో మొదలైన క్యాన్సర్ అప్పటికే వెన్నెముకలోకి పాకింది. "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అని పెద్దాసుపత్రి వాళ్ళు పంపించేసారు. నేను ఒక రిలీజ్ మధ్యలో లీవ్ పెట్టి బస్సెక్కి వచ్చాను.

నొప్పికి వైద్యం చేసే డాక్టరుగారు ఒకాయన ఇంటికొచ్చి చూసారు. "నొప్పి సున్నా నుంచి పది దాకా అనుకోండి. ఇప్పుడు ఎంతుందండీ?" అని అడిగారు. పెదనాన్న లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. "పాతకాలం వాణ్ణి బాబూ, నాకు అణాల్లోనే తెలుస్తుంది. రూపాయికి పదిహేనణాలుంది. మీరొచ్చారని ఒక అణా తగ్గింది" అన్నారు. ఆ పరిస్థితిలో కూడా అందరం నవ్వాం.

డాక్టరుగారు మమ్మల్ని వరండాలోకి పిలిచి విషయం చెప్పారు. మార్ఫిన్ డోసు పెంచుకుంటూ వస్తున్నాం, మగత పెరుగుతోంది గానీ నొప్పి లొంగడం లేదు. నాలుగైదు రోజులు ఆసుపత్రిలో ఉంచి, తక్కువ మోతాదులో కెటమిన్ ఇచ్చి చూద్దాం. పని చేస్తుందని హామీ లేదు, పని చెయ్యొచ్చు.

ఆయన అటు వెళ్ళగానే మా అన్నయ్య ఫోనులో వెతికాడు. మొదటి పేజీలోనే రెండు ముక్కలు కనబడ్డాయి. ఒకటి, గుర్రాలకిచ్చే మత్తుమందు. రెండు, క్లబ్బుల్లో కుర్రకారు పీల్చే డ్రగ్గు. పెద్దమ్మ ఏడుపు మొదలెట్టింది. "నువ్వు చదువుకున్నవాడివి, నువ్వు చెప్పరా" అని అందరూ నా వైపు తిరిగారు. కంప్యూటర్ల చదువుకీ దీనికీ సంబంధం ఏమిటని వాళ్ళకీ తోచలేదు, నాకూ తోచలేదు. "వద్దు. ఆఖర్లో ఆయన్ని పిచ్చివాణ్ణి చెయ్యొద్దు" అన్నాను. చాలా తెలిసినవాడిలా అన్నాను కూడా.

పదకొండు రోజులకి పెదనాన్న పోయారు. ఆ పదకొండు రోజుల గురించి ఇక్కడ రాయను.

ఆ తర్వాత చాన్నాళ్ళకి, అసలు నేను వద్దన్నది దేన్ని అని చదవడం మొదలుపెట్టాను. ఆ చదువులో తేలిన సంగతులే ఇవి.

కెటమిన్ కథ గుర్రాలతో మొదలవ్వలేదు. అమెరికాలో డెట్రాయిట్‌లో పార్క్-డేవిస్ అనే మందుల కంపెనీ ఉండేది. 1950ల్లో వాళ్ళ దగ్గర పీసీపీ అనే మందు తయారైంది. మత్తుమందుగా భలే పని చేసేది. ఊపిరి ఆగేది కాదు, గుండె కుంగేది కాదు. చిక్కల్లా ఆపరేషన్ అయ్యాక వచ్చేది. కొంతమంది రోగులు గంటల తరబడి కలవరింతలు, కేకలు, భయాలతో ఉండిపోయేవాళ్ళు. దాంతో మనుషులకి వాడటం మానేసారు. కానీ ఆ మందులో మంచి గుణం ఉంది కదా, దాన్ని ఉంచి చెడుని తగ్గించలేమా అని వెతికారు. అదే కుటుంబంలోని మందుల్ని వరసగా తయారు చేయించారు. 1962లో వేన్ స్టేట్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కాల్విన్ స్టీవెన్స్ తయారు చేసినదానికి కంపెనీ పెట్టిన నంబరు సీఐ-581. కీటోన్‌లోంచి సగం, అమైన్‌లోంచి సగం తీసుకుని తర్వాత కెటమిన్ అన్నారు.

మొదటిసారి మనిషికి ఇచ్చింది 1964 ఆగస్టు 3న. ఇచ్చినవాళ్ళు మిషిగన్ యూనివర్సిటీకి చెందిన ఎడ్వర్డ్ డొమినో, గుంటర్ కోర్సెన్. పుచ్చుకున్నది జాక్సన్ జైల్లోని ఖైదీలు. వాళ్ళని 'వాలంటీర్లు' అన్నారు. జైల్లో ఉన్నవాడు ఇష్టపడి ఒప్పుకోవడం అనేదానికి ఎంత అర్థం ఉంటుందో మీరే ఆలోచించండి. ఇవాళైతే అలాంటి పరీక్షకి అనుమతి దొరకడం కష్టం. ఇప్పుడు ఎన్నో ప్రాణాలు నిలబెడుతున్న మందు కథ అక్కడ మొదలైందని మర్చిపోకూడదు.

ఆ మందు పుచ్చుకున్నవాళ్ళ పరిస్థితి వింతగా ఉంది. కళ్ళు తెరిచే ఉంటాయి, ఊపిరి ఆడుతూనే ఉంటుంది, సూది గుచ్చితే మాత్రం తెలియదు. లేచాక "నేను గాల్లో తేలాను", "నాకు కాళ్ళూ చేతులూ లేనట్టుంది" అన్నారు. దీన్నేమనాలి? నిద్ర కాదు, మెలకువ కాదు. డొమినో పెట్టాలనుకున్న పేరుకి కంపెనీ వాళ్ళు ఒప్పుకోలేదు, పిచ్చిని గుర్తుకు తెచ్చే పేరుంటే మందు ఎవరు కొంటారు? ఆయన ఇంట్లో భార్యతో ఈ సంగతి చెప్తే, మనిషి తన ఒంటి నుంచి విడిపోయినట్టున్నాడు కాబట్టి 'డిసోసియేటివ్' అనొచ్చు కదా అని ఆవిడ సలహా ఇచ్చారట. ఈ రోజుకీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట అదే.

1970లో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. వియత్నాం యుద్ధంలో గాయపడ్డ సైనికులకి విరివిగా వాడారు. ఎందుకంటే దీనికి పెద్ద హంగు అక్కర్లేదు. మామూలు మోతాదులో ఊపిరి సాధారణంగా ఆగదు, రక్తపోటు పడిపోదు. కరెంటు లేని చోట, ఆక్సిజన్ సిలిండరు ఖాళీ అయిన చోట, మత్తు డాక్టరు లేని చోట కూడా కాన్పు ఆపరేషన్ చెయ్యాల్సొస్తే పేద దేశాల్లో దిక్కు ఇదే. 1985 నుంచీ ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అత్యవసర మందుల జాబితాలో ఉంది. గుర్రాలకీ ఇస్తారు, నిజమే. పెన్సిలిన్ కూడా గుర్రాలకిస్తారు. ఆ మాట విని ఎవరూ పెన్సిలిన్ వద్దనరు.

మరి మత్తుమందు కాస్తా నొప్పి మందు ఎలా అయ్యింది?

1983లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీలో (అవును, పశువైద్య కళాశాలే!) డేవిడ్ లాడ్జ్ బృందం ఒక సంగతి కనిపెట్టింది. నాడీకణాల మీద ఎన్ఎండీఏ అనే రిసెప్టర్ ఉంటుంది. కెటమిన్ దాన్ని మూసేస్తుంది. ఇందులో గొప్పేముంది అంటే, నొప్పి ఎక్కువ కాలం ఉంటే వెన్నుపాము ఊరికే తీగలా ఉండిపోదు. వచ్చిన సిగ్నల్‌నే పెద్దది చేసి పైకి పంపడం మొదలెడుతుంది. వాల్యూమ్ నాబ్ పైకి తిప్పి అలాగే బిగుసుకుపోయినట్టు. అప్పుడు దుప్పటి తగిలినా నిప్పు తగిలినట్టుంటుంది. పెదనాన్నకి సరిగ్గా అలాగే ఉండేది. ఫ్యాను గాలికి కూడా మూలిగేవారు. మేము నీరసం అనుకున్నాం. ఆ నాబ్‌ని బిగించి ఉంచేవాటిలో ఈ ఎన్ఎండీఏ ముఖ్యమైనది. మార్ఫిన్ పెంచుతున్నకొద్దీ పని చెయ్యకపోవడంలో కూడా దీని పాత్ర ఉంది. కాబట్టి మత్తుకిచ్చే మోతాదులో చిన్న వంతు కెటమిన్ ఇస్తే మనిషి మెలకువగానే ఉంటాడు, నాబ్ కిందికి దిగొచ్చు. ఇదీ ఆలోచన.

ఆలోచన బావుంది కదా. పాలియేటివ్ కేర్ (ఉపశమన వైద్యం) చేసే డాక్టర్లు 1990లకల్లా వాడటం మొదలుపెట్టారు. చర్మం కింద సన్నటి సూదితో, లేదా నోటి ద్వారా. ఆస్ట్రేలియాలో కొద్దిరోజులు మోతాదు పెంచుతూ ఇచ్చి ఆపేసే పద్ధతి వచ్చింది. 2001లో ప్రచురించిన ఫలితాలు చాలా ఆశ కలిగించాయి. ఒక్కొక్క రోగి కథ చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి.

ఇక్కడిదాకా చదివి, నేను వద్దనడం వల్ల పెదనాన్నకి ఎంత అన్యాయం జరిగిందో అని రెండు రాత్రులు నిద్రపోలేదు. తర్వాత ఇంకో పేపరు దొరికింది.

మన భాషలో చెప్పాలంటే, అప్పటిదాకా జరిగినవన్నీ డెమోలు. డెమోలో పని చెయ్యని ప్రాడక్టు ఏదన్నా ఉందా? సరైన పరీక్ష అంటే సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మందు ఇవ్వాలి. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలియకూడదు, ఇచ్చే డాక్టరుకీ తెలియకూడదు. చనిపోబోయేవాళ్ళ మీద ఇలాంటి పరీక్ష చెయ్యడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. అయినా ఆస్ట్రేలియాలో జానెట్ హార్డీ బృందం చేసింది. 185 మంది క్యాన్సర్ రోగులు, ఐదు రోజుల వైద్యం. 2012లో ఫలితం వచ్చింది. కెటమిన్ తీసుకున్నవాళ్ళలో 31 శాతం మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో? 27 శాతం మందికి! ఆ తేడా లెక్కలోకి రాదు. పైపెచ్చు కెటమిన్ వాళ్ళలో దుష్ఫలితాలు ఎక్కువ. 2018లో మేరీ ఫాలన్ బృందం 214 మంది మీద, నరాల నొప్పికి నోటి ద్వారా ఇచ్చి చూసింది. అక్కడా తేడా లేదు.

అంటే ఆ డాక్టరుగారు మమ్మల్ని మోసం చెయ్యబోయారా? కాదు. ఆయన హామీ లేదనే చెప్పారు. ఆ సగటు అంకెల వెనక నిజంగా లాభపడే కొద్దిమంది ఉన్నారా, ఉంటే వాళ్ళని ముందే గుర్తుపట్టడం ఎలా అనేది ఇంకా తేలని లెక్క. అందుకే మార్ఫిన్ లాంటివన్నీ అయిపోయాక, అనుభవమున్నవాళ్ళు, దగ్గరుండి చూసుకుంటూ వాడే ఆఖరి వరస మందుగా అది ఇప్పటికీ నిలబడి ఉంది. మనోవేదన సంగతి ఇంకో దారి. 2000లో అమెరికాలో ఏడుగురి మీద చేసిన చిన్న పరీక్షలో డిప్రెషన్‌ మీద కెటమిన్ పని చేస్తుందన్న సూచన దొరికింది. 2019లో దాని తమ్ముడు లాంటి ఎస్కెటమిన్‌కి డిప్రెషన్ మందుగా అనుమతి వచ్చింది. మామూలు డిప్రెషన్ మాత్రలు పని మొదలెట్టడానికి వారాలు పడుతుంది. చేతిలో వారాలే మిగిలిన మనిషికి గంటల్లో పని చేసేది ఉంటే బావుండునని అనిపించడం సహజం. అక్కడా డెమోలని చూసి సంబరపడకుండా ఆగాలి.

సరే, మందు సంగతి ఇలా ఉంది. దాని పేరంటే ఎందుకంత భయం? దీనికి జవాబు కావాలంటే కెటమిన్‌ని కాసేపు పక్కన పెట్టి, మన దేశంలో మార్ఫిన్‌కి ఏం జరిగిందో చూడాలి.

నల్లమందుని చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సుల మీద పండిస్తారు. ఘాజీపూర్‌లో, నీమచ్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. మార్ఫిన్ చేసుకోమని ప్రపంచానికి ఎగుమతి చేసాం. అలాంటి దేశంలో 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. ఉద్దేశం డ్రగ్స్ రవాణా అరికట్టడం. మంచిదే. కానీ ఆసుపత్రి మార్ఫిన్ కొనాలంటే రాష్ట్రాన్ని బట్టి నాలుగైదు లైసెన్సులు కావాల్సొచ్చింది. ఒకటి ఎక్సైజ్ వాళ్ళ దగ్గర, ఇంకోటి డ్రగ్ కంట్రోల్ వాళ్ళ దగ్గర. అన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి, ఒకటి వచ్చేలోపు ఇంకోటి గడువు తీరేది. తప్పు జరిగితే కనీస శిక్ష పదేళ్ళ జైలు. (2001లో సవరించేదాకా ఇదే పరిస్థితి.) మందుల షాపువాళ్ళు, ఆసుపత్రుల వాళ్ళు ఏం చేస్తారు? "మాకెందుకొచ్చిన గొడవ" అని తెప్పించడం మానేసారు.

ఫలితం ఏమిటంటే, 1985 నుంచి 1997 మధ్య దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ సుమారు 97 శాతం పడిపోయింది. 1997లో మొత్తం దేశానికి కలిపి వాడింది 18 కిలోలు! సెక్యూరిటీ ప్యాచ్ వేసి ప్రొడక్షన్ సర్వర్‌ని పడుకోబెట్టడం మనలో చాలామంది చూసినదే. తేడా ఒక్కటే. మన దగ్గర రాత్రి రెండింటికి ఫోను మోగుతుంది, ఎవడో ఒకడు తిట్లు తిని రోల్‌బ్యాక్ చేస్తాడు. ఇక్కడ ఫోను చెయ్యాల్సినవాళ్ళు మంచం మీద మూలుగుతున్నారు. ఫిర్యాదు చేసే ఓపిక లేనివాళ్ళు, కొన్నాళ్ళకి ఉండనే ఉండనివాళ్ళు. పన్నెండేళ్ళలో ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ రాయడం నేర్చుకోకుండానే చదువు పూర్తి చేసుకుని బయటికొచ్చింది. తర్వాత రూలు మారినా ఆ భయం మారలేదు. 2013లో మా అన్నయ్య గుంటూరులో తిరిగిన ఏ షాపులోనూ మార్ఫిన్ మాత్రలు లేవు. ఒకాయనైతే "అలాంటివి అడక్కండి సార్" అని గొంతు తగ్గించి మాట్లాడాడట, మావాడేదో దొంగసరుకు అడిగినట్టు.

దీన్ని సరిచెయ్యడానికి పూనుకున్నవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది కేరళ వాళ్ళని. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, ఇంకొందరు కలిసి చిన్న క్లినిక్ పెట్టారు. ఊళ్ళోవాళ్ళే వాలంటీర్లుగా వచ్చి రోగుల ఇళ్ళకి వెళ్ళడం నేర్చుకున్నారు. వాళ్ళు మందు ఇచ్చి, లెక్క రాసి, ఇళ్ళకి పంపిన మార్ఫిన్ దారి మళ్ళడం లేదని చూపించారు. భయానికి జవాబుగా వాళ్ళ దగ్గర లెక్క ఉంది. ఆ లెక్క పట్టుకుని ఏళ్ళ తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగారు. 2014లో చట్టం సవరించారు. ఇప్పుడు ముఖ్యమైన నొప్పి మందులకి ఐదారు లైసెన్సులు అక్కర్లేదు, గుర్తింపు పొందిన ఆసుపత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ దగ్గర ఒక్క అనుమతి చాలు. మన హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లో కూడా కేంద్రాలు తెరిచారు. చాలవు, కానీ ఉన్నాయి. మీ ఇంట్లో అవసరం పడితే ముందు అటు వెళ్ళండి.

మళ్ళీ కెటమిన్ దగ్గరికొద్దాం. దానికీ మార్ఫిన్ గతే పట్టబోయింది. దీని దుర్వినియోగం వట్టి పుకారు కాదు. ఎక్కువ కాలం పీల్చినవాళ్ళకి మూత్రాశయం పాడైపోతుంది. 2023లో చనిపోయిన 'ఫ్రెండ్స్' నటుడు మాథ్యూ పెర్రీ మరణానికి ముఖ్య కారణం కెటమినే అని తేల్చారు. మన దేశంలో తయారైన సరుకు దొంగదారిన ఆసియా దేశాలకి వెళ్ళేది. 2011లో మన ప్రభుత్వం దీన్ని ఎన్‌డీపీఎస్ జాబితాలో చేర్చింది. 2015లో చైనా ఇంకా ముందుకెళ్ళి, దీన్ని అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రించాలని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది. చైనా బాధ చైనాది, అక్కడ వ్యసనం నిజంగానే ఎక్కువ. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒకటికి నాలుగుసార్లు వద్దన్నారు. కాగితాలు పెరిగితే ఆఫ్రికాలో ఏ మూలనో ఉన్న ఆసుపత్రిలో కాన్పు ఆపరేషన్‌కి మందు ఉండదు, మార్ఫిన్ విషయంలో జరిగింది చూసాం కదా అన్నది వాళ్ళ వాదన. ఆ ఏడు వియన్నా సమావేశంలో నిర్ణయం వాయిదా పడింది. ఒకసారి దెబ్బ తిన్నందుకు ఈసారి కొంతైనా తెలివొచ్చిందన్నమాట.

ఇంతకీ నేను తప్పు చేసానా? ఇన్నేళ్ళూ చదివి నాకు నేను చెప్పుకున్న జవాబు ఇది. అంకెల ప్రకారం కెటమిన్ వల్ల పెదనాన్నకి లాభం ఉండకపోయే అవకాశమే ఎక్కువ. నేను ఆ 2012 పేపరు చదివి, డాక్టరుగారితో మాట్లాడి, ఆలోచించి వద్దని ఉంటే ఈ టపా రాసేవాణ్ణి కాదు. నేను వద్దన్నది గుర్రం పేరు విని. 1985లో చట్టం రాసినవాళ్ళూ అంతే, పేరుని చూసారు, మంచాన్ని చూడలేదు. మందుని మోసేవాళ్ళు చేసే తప్పూ దీనికి దగ్గరదే, ఒక మంచి కథ విని నమ్మేస్తారు. ఇద్దరికీ మందు ఒకటే రంగు, నల్లగానో తెల్లగానో. కేరళ డాక్టర్లయినా, హార్డీ బృందమైనా చేసిన పని చాలా మామూలుది. రోగిని నొప్పి ఎంతుందని అడిగారు, చెప్పింది రాసుకున్నారు, మందిచ్చాక మళ్ళీ అడిగారు.

ఇంకో సంగతి ఉంది. దాన్ని ఒప్పుకోవడానికి నాకు ఈ చదువంతా కావాల్సొచ్చింది. ఆ రోజు వరండాలో అన్నయ్యని అడిగారు, పెద్దమ్మని అడిగారు, ఏమీ తెలియని నన్ను అడిగారు. లోపల మంచం మీద పెదనాన్న మెలకువగానే ఉన్నారు. లెక్కల మాస్టారు, హామీ లేదంటే ఏమిటో మా అందరికన్నా బాగా అర్థమయ్యే మనిషి. "నాలుగు రోజులు ఒక మందు వేసి చూద్దామంటున్నారు, తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు, కాస్త తలతిరుగుడుగా ఉండొచ్చు, ఏమంటారు?" అని ఆయన్ని మాత్రం ఎవరం అడగలేదు.

పదిహేనణాల నొప్పి ఆయనది. లెక్క చేసింది మేము.